పికప్ పందెంలో పెట్రోలు ఓడింది, కొలబద్ద మాత్రం పాతదే

1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 నిలిచిన చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.1 సెకన్లు తీసుకుంటుందని ఆ సంస్థ ప్రకటించింది. ఇంజన్‌లోకి అదనంగా గాలిని తోసే రెండు టర్బోలు, 2.9 లీటర్ల వి8 ఇంజన్, 478 అశ్వశక్తి, బరువు తగ్గించడం కోసం కింద పరిచే కార్పెట్టు కూడా లేని లోపలి భాగం. ఒక తరం కుర్రకారు గోడల మీద పోస్టరై వేలాడిన ఆ కారుకు 4.1 అన్న అంకె ఒక కిరీటం. ఇవాళ రెండు ఎలక్ట్రిక్ మోటార్లతో వస్తున్న వోల్వో ఈఎక్స్30 అదే పనిని 3.6 సెకన్లలో ముగిస్తోంది. అది పందెం కారు కాదు. భద్రత పేరు చెప్పుకుని దశాబ్దాలుగా బతికిన సంస్థ, చిన్న కుటుంబాల కోసం తయారు చేసిన చిన్న కారు.

త్వరణం విషయంలో ఎలక్ట్రిక్ కార్లకూ పెట్రోలు పెర్ఫార్మెన్స్ కార్లకూ మధ్య ఎవరు గొప్ప అన్న చర్చ ఎప్పుడు జరిగినా అది శిఖరం మీదే జరుగుతుంది. ఎలక్ట్రిక్ టెస్లా ప్లెయిడ్ గొప్పదా, పెట్రోలు డాడ్జ్ డీమన్ గొప్పదా, ఎలక్ట్రిక్ రిమాక్ ముందుందా, పెట్రోలు కోనిగ్సెగ్ ముందుందా అని అభిమానులు సెకనులో వందో వంతు దగ్గర కొట్టుకుంటూ ఉంటారు. ఆ కొట్లాట సరదాగానే ఉంటుంది కానీ, అసలు తీర్పు వెలువడింది అక్కడ కాదు. పెట్రోలు సాంకేతికత తన ప్రతిభావంతుల చేత, అత్యంత ఖరీదైన రూపంలో మాత్రమే చేయించగలిగిన పనిని, ఎలక్ట్రిక్ మోటారు మధ్యతరగతి బండి చేత అలవోకగా చేయిస్తోంది. పందెం ముగిసింది. ఎందుకు ముగిసిందో సరిగా అర్థం చేసుకోకపోవడం వల్లే, తర్వాత ఏం చేయాలన్న విషయంలో ప్రభుత్వాలు కూడా తడబడుతున్నాయన్నది నా వాదన.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. 2021లో టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ మూడు మోటార్లు, 1,020 అశ్వశక్తితో వచ్చి, గంటకు 60 మైళ్ల (దాదాపు 97 కిలోమీటర్ల) వేగాన్ని రెండు సెకన్ల లోపే అందుకుంటానని చాటుకుంది. క్రొయేషియాలో తయారయ్యే రిమాక్ నెవేరా నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు పెట్టి 1,914 అశ్వశక్తి చూపించింది. ఇవి కొత్త అద్భుతాలన్న అభిప్రాయం కూడా పూర్తిగా నిజం కాదు. రోడ్డు మీద నడిచే వాహనాల్లో గంటకు 100 కిలోమీటర్ల గీతను మొదట దాటింది 1899లో కామిల్ జెనాత్జీ నడిపిన బ్యాటరీ కారే. నూట ఇరవై ఏళ్ల తర్వాత ఆ మోటారు తన పాత సీటు తాను తీసుకుంది, అంతే.

అసలు సంగతికి వద్దాం. మామూలు మాటల్లో మనం పికప్ అనేదానికి ఇంజన్ శక్తే కారణమని చాలామంది నమ్ముతారు. బయల్దేరిన మొదటి క్షణాల్లో ఆ నమ్మకం దాదాపు పూర్తిగా తప్పు. కారును ముందుకు నెట్టేది ఇంజనూ కాదు, మోటారూ కాదు. నాలుగు టైర్లు నేలను తాకే, అరచేయంత వెడల్పు రబ్బరు ముక్కల దగ్గర పుట్టే ఘర్షణ. మామూలు పొడి రోడ్డు మీద మంచి టైరుకు దొరికే పట్టు, కారు బరువుకు దాదాపు సమానమైన తోపును మాత్రమే ఇవ్వగలదు. అంటే గరిష్ఠ త్వరణం ఇంచుమించు గురుత్వ త్వరణానికి సమానం. నాలుగు చక్రాలకూ తోపు అందే కారు ఆ పట్టును ఒక్క క్షణం కూడా వృథా చేయకుండా వాడుకుంటే, సున్నా నుంచి వందకు 2.83 సెకన్లు పడుతుంది. అంతకన్నా త్వరగా వెళ్లాలంటే ఇంకా జిగట టైర్లు కావాలి, లేదా ఇంకా జిగట నేల కావాలి. ఎన్ని వేల గుర్రాలను కట్టినా ఆ హద్దు లోపల అవి చేసేది నేల విడిచి సామే. టైరు గిర్రున తిరిగి పొగ లేస్తుంది, కారు కదలదు.

ఇప్పుడు శక్తి లెక్క చూడండి. రెండు టన్నుల కారును గురుత్వ త్వరణంతో ముందుకు తోయడానికి గంటకు 10 కిలోమీటర్ల వేగం దగ్గర 55 కిలోవాట్ల లోపే చాలు. అది ఒక సాదాసీదా చిన్న కారు ఇంజన్ స్థాయి. 50 కిలోమీటర్ల దగ్గర అదే తోపుకు 270 కిలోవాట్ల పైచిలుకు కావాలి, 100 దగ్గర 545 కావాలి. అంటే బయల్దేరే క్షణంలో ఎవరి దగ్గరా శక్తికి కొరత లేదు. కొరత ఉన్నది దాన్ని సరిగ్గా కొలిచి అందించే నేర్పుకే. టైరు జారడానికి ఒక్క పిసరు ముందు ఆగి, అక్కడే నిలబడి, నేల మారినప్పుడల్లా తోపును మార్చుకుంటూ పోవడం, ఇదీ అసలు పోటీ. ఈ పోటీలో పెట్రోలు ఇంజన్‌కు పుట్టుకతోనే ముందరికాళ్లకు బంధం పడింది.

ఎందుకంటే తిరగని ఇంజన్ బతకదు. నిమిషానికి కొన్ని వందల చుట్లకన్నా తగ్గితే అది ఆగిపోతుంది. నిశ్చలంగా ఉన్న చక్రానికి, తిరుగుతూనే ఉండాల్సిన ఇంజన్‌కు మధ్య ఎవరో ఒకరు రాజీ కుదర్చాలి. ఆ పని క్లచ్ చేస్తుంది, అదీ తనను తాను అరగదీసుకుంటూ, ఆ రాపిడిలో శక్తిని వేడిగా పారబోస్తూ. తర్వాత గాలి లోపలికి రావాలి, ఇంధనం అందులో కలవాలి, మండాలి, పిస్టన్ కిందికి దిగాలి, టర్బో ఉంటే పొగగొట్టంలో ఒత్తిడి పెరిగి అది వేగం పుంజుకోవాలి. ఇన్ని మెట్లు దిగి వచ్చాక తోపు పుడుతుంది. టైరు జారిందని తెలిసి ఇంజన్‌ను తగ్గించాలన్నా ఇదే మెట్ల దారి, వెనక్కి. మోటారుకు ఈ తతంగం లేదు. అది సున్నా చుట్ల దగ్గరే పూర్తి టార్కు, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇస్తుంది. దాని తీగ చుట్టల్లో పారే కరెంటును, బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉండే ఇన్వర్టర్ సెకనుకు వేలసార్లు సరిచూసి దిద్దగలదు. జారుడు మొదలైందని తెలిసిన కొన్ని మిల్లీసెకన్లలో తోపు తగ్గుతుంది, పట్టు దొరికిన మరుక్షణం మళ్లీ పెరుగుతుంది. ముందు చక్రాలకు ఎంత, వెనక చక్రాలకు ఎంత అన్నది కూడా ఇరుసుల మధ్య కడ్డీలు, గేర్లతో పని లేకుండా విడివిడి మోటార్లతోనే తేలిపోతుంది. కారు ముందుకు దూకేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కనుక ఆ పంపకం క్షణక్షణానికీ మారుతూ ఉండాలి. మనిషి కాలు, మనిషి చెవి ఎంత శిక్షణ పొందినా ఈ పని ఇంత నిశితంగా చేయలేవు. ఎఫ్40లో డ్రైవర్ చేయాల్సింది కచ్చితంగా ఇదే; వెనక చక్రాల మీదే భారమంతా వేసి, టర్బో మేల్కొనే క్షణం కోసం కాచుకుని, చేత్తో గేరు మారుస్తూ. అందుకే ఆ 4.1 సెకన్లు నేర్పరి చేతిలో మాత్రమే వచ్చే అంకె, ఈ 3.6 మాత్రం ఎవరు కాలు మోపినా వచ్చే అంకె.

ఇంకో లెక్క నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తోంది. రెండు టన్నుల కారు వంద వేగం అందుకున్నప్పుడు దానిలో చేరే గతిజశక్తి 0.21 యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లులో చూసే ఆ యూనిట్లే. పావు యూనిట్ కూడా కాదు. ఇంత గర్జన, ఇంత పొగ, ఇన్ని పోస్టర్లు, ఇంత పౌరుషం ఆ పావు యూనిట్ చుట్టూ అల్లుకున్నవే! పెట్రోలులో అదే శక్తిని వెతికితే నష్టాలన్నీ కలుపుకున్నా ఒక చిన్న టీ గ్లాసుడు దాటదు. శక్తి ఎంత అన్నది ఎప్పుడూ సమస్య కాలేదు, దాన్ని మూడు సెకన్ల లోపు సక్రమంగా నేలకు చేర్చడమే సమస్య. ఆ సమస్యను మోటారు పరిష్కరించింది.

ఇక్కడ పెట్రోలు అభిమానులు రెండు ఫిర్యాదులు చేస్తారు. మొదటిది, అమెరికా పద్ధతిలో ప్రకటించే అంకెల్లో మొదటి అడుగు దూరాన్ని లెక్కలోంచి తీసేస్తారని. ఇది నిజం. తిన్నని దారిలో కొద్ది దూరం పరిగెత్తే డ్రాగ్ పందేల్లో కారు దాదాపు ఒక అడుగు జరిగాకే గడియారం మొదలవుతుంది. గురుత్వ త్వరణంతో కదిలే కారు ఆ అడుగు దాటేసరికి పావు సెకను గడిచిపోతుంది, వేగం గంటకు 9 కిలోమీటర్లకు దగ్గరపడుతుంది. సున్నా నుంచి అని చెప్పి తొమ్మిది నుంచి కొలవడం మోసం కాకపోయినా, నిజాయతీ మాత్రం కాదు. రెండో ఫిర్యాదు, ప్లెయిడ్ అంకె జిగురు పూసిన డ్రాగ్ పట్టీ మీద వచ్చిందని. అదీ నిజమే. అయితే పెట్రోలు పక్షం గర్వంగా చూపించే సాక్ష్యం కూడా ఈ రెండు సౌకర్యాల మీదే నిలబడి ఉంది. 2023లో వచ్చిన డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ 170 గంటకు 60 మైళ్లను 1.66 సెకన్లలో అందుకుంటుందన్న ప్రకటనకూ జిగురు నేల కావాలి, మొదటి అడుగు మినహాయింపూ కావాలి. వాటితో పాటు డ్రాగ్ పందేల టైర్లు, 1,025 అశ్వశక్తి రావడానికి ట్యాంకులో 85 శాతం వరకు ఇథనాల్ కలిసే ఇంధనం కూడా కావాలి. నేను ఆ కారును తక్కువ చేయడం లేదు, 6.2 లీటర్ల పాత తరహా వి8 ఇంజన్ చేత ఆ పని చేయించడం ఇంజనీర్ల ప్రతిభకు పరాకాష్ఠ. కానీ ఒక ఫిర్యాదు ఎదుటివాడి అంకెకే వర్తించి తన అంకెకు వర్తించకపోతే, అది ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది.

ఈ అంకెల తగాదా అనవసరమని నాకు అనిపించడానికి ఇంకో కారణం, దాన్ని విద్యార్థులు ఎప్పుడో దాటేశారు. 2023 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో ఉన్న ఈటీహెచ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, లూసర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి తయారు చేసిన మైథెన్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్ల వేగాన్ని 0.956 సెకన్లలో, 12.3 మీటర్ల దూరంలో అందుకుంది. 140 కిలోల బరువు, 326 అశ్వశక్తి. కిటుకు ఎక్కడుందంటే, కారు అడుగున గాలిని పీల్చేసి దాన్ని నేలకు అతికించే ఫ్యానులో. శక్తి దండిగా ఉంది, పట్టును పెంచితే చాలని గ్రహించిన బుర్రలు అవి. పందెం కార్లకుండే రెక్కల ద్వారా నేలకు ఒత్తుకోవాలంటే ముందు వేగం ఉండాలి. ఫ్యాను నిలబడ్డ చోటే ఆ ఒత్తిడి ఇస్తుంది.

ఎదుటి పక్షం దగ్గర బలమైన వాదన లేకపోలేదు, అది వేగం పెరిగాక మొదలవుతుంది. మోటారు చుట్లు పెరిగేకొద్దీ దానిలోనే ఎదురు వోల్టేజీ పుట్టి టార్కును కోసేస్తుంది, గేర్లున్న ఇంజన్ మాత్రం ప్రతి వేగం దగ్గరా తనకు అనుకూలమైన చుట్లలోనే ఉండగలదు; పోర్షే సంస్థ టైకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టిందంటే ఈ లోటు ఎలక్ట్రిక్ ఇంజనీర్లకూ తెలిసిందే. సున్నా నుంచి 400కు వెళ్లి మళ్లీ సున్నాకు వచ్చే పరీక్షలో 2025లో రిమాక్ నెవేరా ఆర్ 25.79 సెకన్లు నమోదు చేస్తే, మోటారు సాయం లేని కోనిగ్సెగ్ జెస్కో ఆబ్సల్యూట్ ఆ ఏడాదే 25.21తో దాన్ని వెనక్కి నెట్టింది. బ్యాటరీ బరువు మలుపుల్లో భారమవుతుంది, వరుసగా ప్రయత్నిస్తే వేడెక్కుతుంది, చల్లగా ఉంటే మొరాయిస్తుంది. ఈఎక్స్30 వేగం 180 దగ్గర ఆగిపోతుంది, ఎఫ్40 ఆ తర్వాత కూడా చాలా దూరం పరిగెడుతుంది. ఇవన్నీ ఒప్పుకోవాల్సిందే. కానీ రోజూ కారు నడిపేవాళ్లలో 400 వేగం చూసేది ఎవరు? ముందున్న లారీని దాటడానికి 60 నుంచి 100కు వెళ్లే ఆ కొద్ది సెకన్లే రోడ్డు మీద త్వరణమంటే. అక్కడ ఆటోమేటిక్ పెట్రోలు కారు గేరు దింపుకుని, టర్బో పుంజుకునేలోపు ఎలక్ట్రిక్ కారు దాటేసి తన వరుసలోకి వచ్చేస్తుంది.

పెట్రోలు కార్ల సంస్థలు ఈ ఓటమిని మాటల్లో ఒప్పుకోకపోయినా చేతల్లో ఎప్పుడో ఒప్పుకున్నాయి. 2019లో ఫెరారీ తెచ్చిన ఎస్ఎఫ్90 వి8 ఇంజన్‌కు మూడు మోటార్లను జత చేసింది, అందులో రెండు ముందు చక్రాలవే. ఇంజన్ ఘోషకు మారుపేరైన కార్వెట్ కూడా 2025లో ప్రకటించిన జడ్ఆర్1ఎక్స్ రకంలో ముందు ఇరుసుకు మోటారు తగిలించుకుంది. బుగాటి వ్యవహారం మరీ విచిత్రం. ఎనిమిది లీటర్ల డబ్ల్యూ16 ఇంజన్లతో వేగానికి మారుపేరైన ఆ సంస్థను 2021 నుంచి నడిపిస్తున్నది ఎలక్ట్రిక్ కార్లతో పేరు తెచ్చుకున్న మాటే రిమాక్. 2024లో అక్కడి నుంచి వచ్చిన టూర్బియాన్ కొత్త వి16 ఇంజన్‌తో పాటు మూడు మోటార్లనూ మోస్తోంది, మొత్తం 1,800 అశ్వశక్తిలో 800 ఆ మోటార్ల వాటా. ఇంజన్‌ను ఉంచింది పాట కోసం, మోటార్లను పెట్టింది పని కోసం అనిపిస్తుంది నాకు. దీనికి తలకిందులుగా హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ ఉంది. లేని గేర్లు మారినట్టు కుదుపులిస్తూ, లేని ఇంజన్ శబ్దాన్ని స్పీకర్లలో వినిపిస్తూ, కావాలనే తన తోపులో ఖాళీలు పెట్టుకుని డ్రైవర్‌ను మురిపిస్తుంది. గెలిచినవాడు ఓడినవాడి మీసం అతికించుకుని తిరగడం కార్ల చరిత్రలో ఇదే మొదటిసారి కావచ్చు.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. 4 సెకన్ల కారు అరుదుగా, ఖరీదుగా, గట్టిగా అరుస్తూ ఉన్నంతకాలం దాని ప్రమాదం కూడా అరుదుగానే ఉండేది. కొనేవాడికి డబ్బు కావాలి, నడిపేవాడికి నేర్పు కావాలి, పక్కనున్నవాడికి చెవులుంటే చాలు, ముందే తెలిసిపోయేది. ఆ మూడు అడ్డుగోడలూ కూలిపోయాయి. 3.6 సెకన్లంటే ఎంతో ఊహించండి: సుమారు 50 మీటర్ల దూరంలో, పెద్ద శబ్దమేమీ లేకుండా, సున్నా నుంచి వంద. పార్కింగు స్థలంలో బ్రేకు అనుకుని పొరపాటున యాక్సిలరేటర్ మీద కాలు వేసినవాడికీ ఆ తోపు అదే విశ్వాసంతో అందుతుంది. మోటార్‌సైకిళ్ల విషయంలో ఐరోపా దేశాలు ఈ సంగతిని ఎప్పుడో గుర్తించి, లైసెన్సును మెట్లుగా విడగొట్టి, మధ్య మెట్టు మీద ఉన్నవారికి 35 కిలోవాట్ల హద్దు పెట్టాయి. కార్ల విషయంలో మాత్రం చాలా దేశాల్లో నిన్న లైసెన్సు చేతికందినవాడు ఇవాళ 428 అశ్వశక్తి ఉన్న ఈఎక్స్30 ఎక్కవచ్చు.

కొన్ని ప్రభుత్వాలు కదిలాయి, కానీ పాత కొలబద్ద పట్టుకునే కదిలాయి. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2024 డిసెంబరు నుంచి, టన్ను బరువుకు 276 కిలోవాట్లు, అంతకు మించి శక్తి ఉన్న కార్లకు ప్రత్యేక లైసెన్సు అర్హత తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ శక్తినీ బరువునూ భాగించి వచ్చే ఆ అంకె, పైన చెప్పుకున్నట్టు, వేగం పెరిగాక ఏం జరుగుతుందో చెప్పే అంకె. మొదటి 50 మీటర్లలో ఏం జరుగుతుందో అది చెప్పదు. లెక్క వేసి చూడండి. ఫెరారీ ప్రకటించిన 1,100 కిలోల బరువుతో ఎఫ్40కి టన్నుకు దాదాపు 320 కిలోవాట్లు వస్తాయి, గీతకు అవతల పడుతుంది. ఇంచుమించు 1.9 టన్నుల బరువు, 315 కిలోవాట్లున్న ఈఎక్స్30కి టన్నుకు 170 కూడా రావు, ఎంతో ఇవతలే ఉండిపోతుంది. వందకు ముందు చేరేది మాత్రం ఇదే.

దీనికన్నా తెలివైన ఆలోచన చైనా నుంచి వచ్చింది. అక్కడి ప్రజాభద్రతా మంత్రిత్వ శాఖ 2025 నవంబరులో వెలువరించిన ముసాయిదా ప్రమాణం ప్రకారం, కారును ఆన్ చేసిన ప్రతిసారీ అది వందకు చేరడానికి కనీసం 5 సెకన్లు పట్టే స్థితిలోనే ఉండాలి. అంతకన్నా వడి కావాలనుకున్న డ్రైవర్ తానే కోరి ఆ మోడ్‌ను ఎంచుకోవాలి. ఇది శక్తిని కొలవదు, బరువును కొలవదు, ఇంజనా మోటారా అని అడగదు, నేరుగా సెకన్లను కొలుస్తుంది. పైగా మోటారును అంతగా గెలిపించిన గుణం, అంటే తోపును సాఫ్ట్‌వేర్‌తో వెంట్రుకవాసి తేడాతో దిద్దగలగడం, ఈ నిబంధనను అమలు చేయడాన్ని కూడా అంతే సులువు చేస్తుంది. ఇప్పటికే రోడ్డెక్కిన ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటిని వర్క్‌షాపుకు తీసుకుపోకుండానే, ఫోన్‌లో వచ్చినట్టు వచ్చే ఒక అప్‌డేట్‌తో దీనికి లోబరచవచ్చు. తయారీదారులు అభ్యంతరం చెబితే ఏ కారణంతో చెబుతారో వినాలని నాకు ఆసక్తిగా ఉంది, ఎందుకంటే వడి తగ్గించే మోడ్‌లు ఇప్పటికే చాలా కార్ల తెరల మీద ఉన్నాయి, కారు ఆన్ చేయగానే వాటిలో ఏది మొదట రావాలన్నదే మిగిలిన ప్రశ్న.